33 బైట్ల సత్తెనపల్లి

సత్తెనపల్లి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కంప్యూటరుకు 12 బైట్లు చాలు. తెలుగులో రాస్తే 33 కావాలి. యూనికోడ్‌లో అక్షరాలకూ, గుణింతపు గుర్తులకూ, పొల్లుకూ విడివిడిగా సంఖ్యలున్నాయి. స, త, పొల్లు, త, ఎత్వం, న, ప, ల, పొల్లు, ల, గుడి: మొత్తం 11. యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటుంది. ఈ 33 అయ్యాక, పేరు ఇక్కడితో అయిపోయిందని చెప్పడానికి సీ భాష మరో బైట్ పెడుతుంది. దాని విలువ సున్నా. వెరసి 34.

ఇప్పుడు ఈ పేరును 32 బైట్ల జాగాలో పెట్టాలనుకుందాం. ప్రోగ్రాములు రాసేవాళ్లకు 32 చేతికి అలవాటైన సంఖ్య. ఊరి పేరుకు ధారాళంగా సరిపోతుందనిపిస్తుంది, ఇంగ్లీషులో రాసుకుంటే నిజంగానే సరిపోతుంది. సత్తెనపల్లికి మాత్రం రెండు బైట్లు తక్కువ పడతాయి. ఆ రెండు బైట్లు ఎక్కడికి పోతాయి? ఎవరికీ చెప్పకుండా పోతాయా, చెప్పి పోతాయా? కంప్యూటర్ భద్రతలో గత 35 ఏళ్లకు పైగా నడుస్తున్న పెద్ద కథల్లో ఒకటి ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఆ కథ కెర్నెల్‌లో ఎలా నడిచిందో చూద్దాం. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం. మెమరీ, డిస్కు, నెట్‌వర్కు, ప్రోగ్రాముల హక్కులు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. గుంటూరు యార్డులో మిర్చి ధర ఎంత పలికిందో సత్తెనపల్లి రైతు చూసుకునే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచంలోని 500 అతి శక్తిమంతమైన కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ నడిచేది కూడా దాని మీదే. మూడు కోట్లకు పైగా లైన్లున్న ఆ కోడ్‌లో అత్యధిక భాగం సీ భాషలోనే ఉంది.

సీ భాషలో అక్షరాల వరుసను స్ట్రింగ్ అంటారు. ఆ వరుస పొడవెంతో భాష ఎక్కడా రాసి పెట్టుకోదు. మొదలు ఎక్కడో తెలుసు. అక్కడి నుంచి సున్నా తగిలేదాకా నడవడమే. ఇలా ఎందుకు చేశారో ఆ భాషను తయారుచేసిన డెనిస్ రిచీ తర్వాతి కాలంలో వివరించాడు. అంతకుముందున్న బీసీపీఎల్ భాషలో స్ట్రింగ్ మొదట్లోనే దాని పొడవు ఉండేది. ఆ పొడవు ఇమిడే చోటు చిన్నది కాబట్టి స్ట్రింగ్ కూడా కొంత పరిమితిలోనే ఉండాల్సి వచ్చేది. ఆ బంధం తెంచుకోవడం ఒక కారణం. పొడవును మోసుకు తిరగడం కంటే చివరన గుర్తు పెట్టుకోవడమే సౌకర్యంగా తోచడం రెండోది. 1970ల మొదట్లో, కిలోబైట్లలో కొలిచే మెమరీ మీద పనిచేస్తున్న మనిషి అలా ఆలోచించడంలో తప్పేమీ కనిపించదు. కాకపోతే ఆ నిర్ణయం తాలూకు బాకీ యాభై ఏళ్లుగా తీరుస్తూనే ఉన్నాం.

స్ట్రింగ్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి నకలు తీసే పనికి సీలో మొట్టమొదటి సాధనం స్టర్‌కాపీ. దానికి చెప్పాల్సినవి రెండే: ఎక్కడి నుంచి, ఎక్కడికి. ఒక్కో బైట్ తీసి పెడుతూ పోతుంది, సున్నా తగిలితే దాన్నీ పెట్టి ఆగుతుంది. గమ్యంలో జాగా ఎంతుందో దానికి ఎవరూ చెప్పరు, అది అడగదు. 32 బైట్ల జాగాలో సత్తెనపల్లిని పెట్టమంటే 34 బైట్లూ పెట్టేస్తుంది. ఆ పేరులో చివరి గుడి మూడు బైట్లు: 224, 176, 191. మొదటి రెండూ జాగా లోపల పడతాయి. 191, దాని వెనకున్న సున్నా పక్కింట్లో పడతాయి.

పక్కింట్లో ఏముందన్నది అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఏమీ లేకపోవచ్చు. ఇంకో పేరు ఉండొచ్చు. ఈ ప్రోగ్రాముకు ఫలానా ఫైలు తెరిచే హక్కుందా లేదా అని చెప్పే అంకె ఉండొచ్చు. పని ముగిశాక కోడ్ వెనక్కి ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా ఉండొచ్చు. మామూలు ప్రోగ్రాములో ఇలా జరిగితే ఆ ప్రోగ్రాము కూలుతుంది, మళ్లీ తెరుస్తాం. కెర్నెల్‌లో జరిగితే దానికి పైన పట్టి ఆపేవాళ్లు లేరు. పేరు రాసినవాడు అమాయకుడైతే యంత్రం ఆగిపోతుంది. తెలివిగలవాడైతే ఆ రెండు బైట్లను ఇరవై చేసి, ఇరవైని రెండొందలు చేసి, ఆ చిరునామా మీద తనకు కావలసిన చిరునామా రాసి, యంత్రాన్నే చేజిక్కించుకుంటాడు.

దీన్ని ప్రపంచం మొదటిసారి పెద్ద ఎత్తున చూసింది 1988 నవంబరు 2న. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టపన్ మోరిస్ వదిలిన వర్మ్, అంటే యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే వ్యాపించే ప్రోగ్రాము, అప్పటి ఇంటర్నెట్ మీద పాకింది. అది వాడుకున్న దారుల్లో ఒకటి, యంత్రంలో ఎవరెవరు ఉన్నారో చెప్పే ఫింగర్ అనే సేవ. వచ్చిన ప్రశ్నను ఆ సేవ 512 బైట్ల జాగాలోకి చదువుకునేది. వర్మ్ 536 బైట్లు పంపింది. చదవడానికి వాడిన సాధనం పేరు గెట్స్. స్టర్‌కాపీకి వరసకు తోబుట్టువు, అదీ హద్దు అడగదు. సుమారు 6,000 యంత్రాలు దెబ్బతిన్నాయని అప్పట్లో అంచనా వేశారు. గెట్స్‌ను సీ భాషా ప్రమాణంలోంచి తీసేయడానికి మాత్రం 2011 దాకా పట్టింది. స్టర్‌కాపీ ఇప్పటికీ ఆ ప్రమాణంలో ఉంది.

హద్దు అడిగే కాపీ వాడితే పోదా అని ఎవరికైనా తోస్తుంది. స్టర్‌ఎన్‌కాపీ ఉంది కదా, దానికి ఎన్ని బైట్లో కూడా చెప్పొచ్చు. రెండు తరాల ప్రోగ్రామర్లు దీన్ని క్షేమమైన స్టర్‌కాపీ అనుకుని వాడారు. పాఠ్యపుస్తకాలూ అలాగే చెప్పాయి. అసలు అది పుట్టింది అందుకు కాదు. తొలినాటి యూనిక్స్‌లో ఫోల్డరు జాబితాలో ఒక్కో ఫైలుకు 16 బైట్లు కేటాయించేవారు. రెండు బైట్లలో ఫైలు సంఖ్య, మిగతా 14లో పేరు. దరఖాస్తు ఫారంలో పేరుకు గళ్లు ఇచ్చినట్టే. పేరు చిన్నదైతే మిగిలిన గళ్లన్నీ సున్నాలతో నింపాలి. సరిగ్గా 14 అక్షరాలుంటే గళ్లన్నీ పేరుకే సరి, ముగింపు గుర్తు అక్కర్లేదు, ఎందుకంటే గళ్లు ఎన్నో అందరికీ తెలుసు. స్టర్‌ఎన్‌కాపీ చేసేది అక్షరాలా ఇదే. గళ్ల కోసం పుట్టిన సాధనాన్ని స్ట్రింగుల కోసం వాడటంతో తంటా మొదలైంది.

మన 32 బైట్ల జాగాలోకి సత్తెనపల్లిని స్టర్‌ఎన్‌కాపీతో పెడితే 32 బైట్లు పెట్టి ఆగుతుంది. పక్కింటి జోలికి పోదు, అంతవరకు బాగానే ఉంది. కానీ చివర సున్నా ఉండదు. తర్వాత ఎవరైనా ఆ పేరును చదవబోతే సున్నా కోసం వెతుక్కుంటూ గట్టు దాటి పక్క చేలోకి వెళ్లిపోతారు. అక్కడ పాస్‌వర్డు తాలూకు ముక్క ఉంటే పేరుతోపాటు అదీ బయటికొస్తుంది. రాసేటప్పుడు జరగని ప్రమాదం చదివేటప్పుడు జరుగుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 4,096 బైట్ల జాగాలో ‘గుంటూరు’ అని 21 బైట్లు పెట్టమంటే, మిగిలిన నాలుగు వేల పైచిలుకు బైట్లనూ ఓపిగ్గా సున్నాలతో నింపుతుంది. పని ఆలస్యమవుతుంది.

1998లో ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ మనుషులు టాడ్ మిల్లర్, థియో డి రాడ్ట్ కలిసి స్టర్‌ఎల్‌కాపీ తెచ్చారు. హద్దు దాటదు, చివర సున్నా తప్పకుండా పెడుతుంది. లినక్స్ కెర్నెల్ కూడా దాన్ని తీసుకుంది. మనం వాడే మామూలు ప్రోగ్రాములకు ఆధారమైన గ్నూ సీ లైబ్రరీ మాత్రం అది వద్దని ఏళ్ల తరబడి భీష్మించుకుని, చివరికి 2023లో ఒప్పుకుంది. నన్నడిగితే ఆ పట్టుదలలో కొంత న్యాయం ఉంది. పేరు ఎక్కడో తెగిందన్న సంగతి తెలుసుకోకుండా తెగిన పేరుతో ముందుకు పోవడం కూడా తప్పే. స్టర్‌ఎల్‌కాపీ ఆ సంగతి చెబుతుంది గాని చుట్టు తిప్పి చెబుతుంది: అసలు పేరు పొడవెంతో తిరిగి ఇస్తుంది. సత్తెనపల్లి విషయంలో 33. అది 32 కంటే చిన్నది కాదు కాబట్టి తెగిందని మనమే పోల్చుకోవాలి. ఆ 33 చెప్పడానికి అసలు పేరును చివరిదాకా చదవక తప్పదు. అసలు పేరు మనది కాక, బయటి నుంచి వచ్చి, చివర సున్నా లేనిదైతే, దాని చదువు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. గమ్యాన్ని కాపాడిన సాధనమే మూలం దగ్గర దారి తప్పుతుంది.

కెర్నెల్‌కు తగ్గ జవాబు 2015లో వచ్చింది. క్రిస్ మెట్‌కాఫ్ రాసిన స్టర్‌ఎస్‌కాపీ లినక్స్ 4.3లో చేరింది. గమ్యంలో ఎంత జాగా ఉందో దానికి మించి మూలాన్ని కూడా తిరగదోడదు. చివర సున్నా తప్పక పెడుతుంది. పేరు పూర్తిగా పట్టితే ఎన్ని బైట్లు పట్టాయో చెబుతుంది. తెగితే మైనస్ 7 ఇస్తుంది. కెర్నెల్ భాషలో ఆ అంకెకు అర్థం ‘మరీ పెద్దది’ అని. మన పేరులో 31 బైట్లు, ఒక సున్నా పెట్టి, మైనస్ 7 చేతిలో పెడుతుంది. ఇక అనుమానానికి తావు లేదు.

అంత బాగుంటే పాతవన్నీ ఒక్క దెబ్బతో మార్చేయొచ్చు కదా? ఎడిటర్‌లో పాత పేరు వెతికి కొత్త పేరు పెట్టే ఆదేశం ఇస్తే నిమిషంలో పని. ఆ ఆశను మొదటిరోజే ఆపినవాడు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్. స్టర్‌ఎస్‌కాపీని కెర్నెల్‌లో కలుపుకుంటూనే, కొత్త సాధనం వచ్చిందని జనం మూకుమ్మడిగా మార్పులు పంపవద్దని రాశాడు. ఇలాంటి సులువైన మార్పుల్లోనే ఎవరో ఒకరు పొరపాటు చేస్తారని, బాగున్న కోడ్ పాడవుతుందని ఆయన భయం. ఆ భయం నిజమని తర్వాతి ఏళ్లు నిరూపించాయి.

తిరిగి వచ్చే అంకెనే తీసుకోండి. ఒక పెద్ద జాగాలో వరసగా పేర్లు పేరుస్తున్నాం, ఒక్కో కాపీ తర్వాత వచ్చిన అంకెను కలుపుకుంటూ ముందుకు జరుగుతున్నాం. పాత స్టర్‌ఎల్‌కాపీ ఎప్పుడూ రుణ సంఖ్య ఇచ్చేది కాదు. కొత్తది తెగినప్పుడు మైనస్ 7 ఇస్తుంది. చూసుకోకుండా కలిపితే మనం ముందుకు పోవడానికి బదులు ఏడు బైట్లు వెనక్కి జరుగుతాం. తర్వాతి పేరు ముందు రాసిన దాని మీద పడుతుంది. ఇంకొన్నిచోట్ల గమ్యం పొడవు కనుక్కునే తీరులోనే పొరపాటు ఉండేది. అసలు జాగాకు బదులు దాని చిరునామా ఎంత పొడవుందో కొలిస్తే 64 బిట్ల యంత్రంలో ఎప్పుడూ 8 అనే వస్తుంది. 2024లో స్టర్‌ఎస్‌కాపీకి మూడోదిగా గమ్యం పొడవు ఇవ్వకపోయినా సరిపోయేట్టు మార్చారు. గమ్యం నిజమైన జాగా అయితే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరే దాని పొడవు చూసుకుంటుంది, ఉత్త చిరునామా అయితే కంపైల్ చేయనని మొరాయిస్తుంది. నాకు ఎంతో నచ్చిన మార్పు ఇది.

సున్నాలతో నింపడం అన్నది మరీ లోతైన చిక్కు. ఇందాక దాన్ని వృథా పని అన్నాం. కెర్నెల్‌లో చాలాచోట్ల ఆ వృథా పనే తెలియకుండా కాపలా కాసింది. కెర్నెల్ కొన్ని వివరాలను కలిపి కట్టిన ఒక నిర్మాణాన్ని (స్ట్రక్ట్) నింపి మొత్తంగా మామూలు ప్రోగ్రాముకు అందిస్తుంది. అందులో పేరుకు 32 బైట్లు ఉంటే, ‘మాచర్ల’ అని 18 బైట్లు, ఒక సున్నా పెట్టాక 13 బైట్లు మిగులుతాయి. స్టర్‌ఎన్‌కాపీ వాటినీ సున్నాలు చేసేది. స్టర్‌ఎస్‌కాపీ వాటిని ముట్టుకోదు. అంతకుముందు ఆ మెమరీలో ఇంకేదో పనికి వాడిన రహస్యపు ముక్కలుంటే అవి అలాగే బయటికి పోతాయి. అందుకే మిగిలింది సున్నా చేసే మరో రూపం, స్టర్‌ఎస్‌కాపీ ప్యాడ్, 2019లో వచ్చింది.

కాబట్టి ఒక్కో చోటా ఆగి అడగాలి. ఇది స్ట్రింగా, గళ్ల వరుసా? చివర సున్నా ఉంటుందని తర్వాత చదివేవాళ్లు ఆశిస్తున్నారా? మిగిలిన జాగా ఎవరి కంటైనా పడుతుందా? కీస్ కుక్ ముందుండి నడుపుతున్న కెర్నెల్ ఆత్మరక్షణ ప్రాజెక్టు 2015 నుంచి ఇలాంటి పనులు నెత్తిన పెట్టుకుంది. గూగుల్‌లో పనిచేస్తూ జస్టిన్ స్టిట్ అనే యువ ఇంజినీరు స్టర్‌ఎన్‌కాపీలను ఒక్కొక్కటిగా మారుస్తూ పెద్ద సంఖ్యలో ప్యాచ్‌లు పంపాడు. అతను ప్రతి ప్యాచ్‌కు రాసిన వివరణలు చదవదగ్గవి. మార్పు ఒకటే లైను ఉంటుంది, దాని మీద పేరాలకు పేరాలు తర్కం ఉంటుంది. ఈ పేరును ఫలానా చోట స్ట్రింగ్‌గా అచ్చు వేస్తున్నారు కాబట్టి చివర సున్నా ఆశిస్తున్నట్టే. ఈ నిర్మాణాన్ని పుట్టించేటప్పుడే మొత్తం సున్నాలతో నింపారు కాబట్టి మళ్లీ నింపక్కర్లేదు. ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద ఎవరో రాసి వదిలేసిన డ్రైవర్లో, ఆ రాసినవాడి మనసులో ఏముందో ఆనవాళ్లను బట్టి తేల్చడం ఆ పని. దీనికి ఓపిక కావాలి, పేరు రాదు. ఇలా వెతుకుతూ పోయి, స్టర్‌ఎల్‌కాపీ చివరి వాడకాన్ని కూడా మార్చాక, 2024 మార్చిలో వచ్చిన లినక్స్ 6.8లో ఆ సాధనాన్నే కెర్నెల్‌లోంచి ఎత్తేశారు.

అంత జాగ్రత్తపడ్డా కాలు జారిన సందర్భం ఒకటుంది. దాన్ని దగ్గరగా చూడాలి. ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ లినక్స్ యంత్రాల్లో బాగా వాడుకలో ఉన్నది. డిస్కుకు మనం ఒక పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరుకు డిస్కు మీద 16 బైట్లు కేటాయించారు. ఇది పాతకాలపు గళ్ల పద్ధతే: పేరు సరిగ్గా 16 బైట్లుంటే చివర సున్నా ఉండదు.

ఒక పత్తి వ్యాపారి తన లెక్కల డిస్కులకు ‘పత్తి1’, ‘పత్తి2’ అని పేర్లు పెట్టుకున్నాడనుకుందాం. ప, త, పొల్లు, త, గుడి: అయిదు మూళ్లు 15. అంకెకు ఒక బైట్. మొత్తం సరిగ్గా 16. డిస్కు మీద గళ్లన్నీ నిండిపోయాయి, సున్నాకు చోటు లేదు.

ఆ పేరేమిటని ఎవరైనా అడిగితే కెర్నెల్ దాన్ని తన దగ్గరున్న 17 బైట్ల జాగాలోకి తీసుకుని ఇవ్వాలి. పాత కోడ్ స్టర్‌ఎన్‌కాపీతో 16 బైట్లు తీసుకునేది. 17వది ముందే సున్నా చేసి ఉండేది. అది సరైన కోడే. 2024లో మార్పుల వరసలో దాని స్థానంలోకి స్టర్‌ఎస్‌కాపీ ప్యాడ్ వచ్చింది. అది గమ్యం పొడవు 17 చూసి, మూలంలో కూడా 17వ బైట్ దాకా సున్నా కోసం వెతుకుతుంది. మూలానికి ఉన్నవి 16. పేరు 15 బైట్లో అంతకంటే తక్కువో ఉంటే లోపలే సున్నా దొరుకుతుంది, ఏ గొడవా ఉండదు. పేరు నిండుగా 16 ఉంటేనే చెయ్యి గట్టు దాటుతుంది. 2017 నుంచి కెర్నెల్‌లో ఉన్న ఫోర్టిఫై అనే కాపలా ఇలాంటివి కనిపెట్టడానికే ఉంది. 16 బైట్ల జాగాలో 17 చదవబోతున్నారని అది కేక పెట్టింది. కీస్ కుక్ అదే సంవత్సరం సవరణ పంపాడు. గళ్ల వరుసను స్ట్రింగ్‌గా మార్చడానికే పుట్టిన మెమ్‌టుస్టర్ ప్యాడ్ అనే వేరే సాధనం అక్కడ చేరింది. ఆ 16 బైట్లు స్ట్రింగ్ కాదని కంపైలర్‌కు చెప్పే గుర్తు కూడా ఉంది. ఎక్స్‌టీ4లో అలాంటి మిగతా గళ్లకు ఆ గుర్తు ముందే పెట్టారు, డిస్కు పేరుకు మాత్రం అప్పటిదాకా పెట్టలేదు.

టోర్వాల్డ్స్ తొమ్మిదేళ్ల ముందు హెచ్చరించింది సరిగ్గా ఇదే: బాగున్న చోట మెరుగైన సాధనం తెచ్చి పెడితే చెడింది. అయినా మార్చే పనే తప్పని నేననను. మార్చబోయారు కాబట్టే ఆ గళ్లు గళ్లని కోడ్‌లో స్పష్టంగా రాసిపెట్టారు. అంతకుముందు అది కొందరి తలల్లో మాత్రమే ఉండేది.

తెలుగువాళ్లుగా మనకు ఈ కథలో సొంత వాటా ఉంది. తెలుగు 1991లోనే యూనికోడ్ తొలి సంచికలో చేరింది. మరుసటి ఏడు కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 రూపొందించారు. థాంప్సన్ యూనిక్స్‌ను మొదలుపెట్టినవాడు, సీ స్ట్రింగుల మర్మం ఆయనకు తెలియనిది కాదు. అందుకే బహుళ బైట్ల అక్షరాల్లో ఎక్కడా సున్నా బైట్ రాకుండా కట్టారు. ఆ ఒక్క జాగ్రత్త వల్ల సున్నా దాకా నడిచే పాత కోడ్ అంతా, తెలుగు పేరు కూడా వినని కోడ్‌తో సహా, తెలుగును చెడగొట్టకుండా మోయగలిగింది. ఫైలుకు తెలుగు పేరు పెట్టుకోగలుగుతున్నాం అంటే అది వాళ్ల పుణ్యం.

కానీ హద్దులు అప్పటి ఇంగ్లీషు కొలతలవే. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ కెర్నెల్ ఒక చిన్న పేరు గుర్తుపెట్టుకుంటుంది. దానికి 16 బైట్లు, అందులో ఒకటి సున్నాకు. ఇంగ్లీషుకు 15 అక్షరాలు, మనకు 5 గుర్తులు. సత్తెనపల్లి అనే పేరుతో ప్రోగ్రాము నడిపితే కెర్నెల్ దగ్గర మిగిలేది ‘సత్తె’. నరసరావుపేట ‘నరసరా’ అవుతుంది, పిడుగురాళ్ల ‘పిడుగ’, గుంటూరు ‘గుంటూ’, మాచర్ల ‘మాచర్’. ఎక్కడా ప్రమాదం లేదు, ఏ మెమరీ గట్టూ తెగలేదు, కాపీ నూటికి నూరు పాళ్లు క్షేమం. పేరు మాత్రం ఉండదు. ఫైలు పేరుకు కెర్నెల్ 255 బైట్లు ఇస్తుంది కాబట్టి అక్కడ మనకు 85 గుర్తుల దాకా వీలుంది. వ్యాసం శీర్షికనే ఫైలు పేరుగా పెట్టుకునే అలవాటున్నవాళ్లు ఆ గోడను ఎప్పుడో ఒకప్పుడు గుద్దుకునే ఉంటారు.

మన లిపి దెబ్బకు పరికరాలే కూలిన రోజులు కూడా ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, దీర్ఘం: ఈ అయిదింటి వరుస సందేశంగా వస్తే ఐఓఎస్ 11 నడిచే ఐఫోన్లలో ఆ సందేశం చూపించే యాప్ కూలిపోయేది. అదే వరుస నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కుప్పకూలేది. ప్రపంచమంతా ‘తెలుగు అక్షరం’ అని రాశారు. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. దాని భద్రతా వివరణలో లోపం కోర్‌టెక్స్ట్ అనే భాగంలో ఉందని, దురుద్దేశంతో తయారుచేసిన స్ట్రింగ్ వల్ల మెమరీ చెడవచ్చని ఉంది. ఇది కెర్నెల్ కాదు, కాపీ చేసే సాధనమూ కాదు, అక్షరాలను తెర మీద అమర్చే కోడ్. కానీ జబ్బు ఆ కుదురులోదే. వచ్చే స్ట్రింగ్ ఇలాగే ఉంటుందని రాసినవాడు అనుకున్నాడు, తెలుగు అలా లేదు. ఆ వారమంతా మన అక్షరాన్ని వైరస్‌లా చూసినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని ముందే పరీక్షించి చూసుకోని కోడ్‌ది.

సత్తెనపల్లి వాడైన వావిలాల గోపాలకృష్ణయ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడు. కచేరీల్లో తెలుగు నడవాలని ఆయన తిరిగిన 1970లలో అడ్డంకి టైపు మిషన్లు, ఇంగ్లీషుకు అలవాటుపడిన చేతులు. ఈనాడు కచేరీ అంతా కంప్యూటరే. తెలుగు రాయొచ్చని ఉత్తర్వు ఉంటే చాలదు. ఊరి పేరుకు డేటాబేస్‌లో 32 బైట్లు కేటాయించిన చోట ఆయన ఊరి పేరు పట్టదు. పైగా పట్టలేదని చెప్పే కోడ్ అక్కడ ఉందో లేదో ఎవరూ చూడరు. కెర్నెల్ మనుషులు ఏళ్ల తరబడి ఒక్కో ఫీల్డు దగ్గరా ఆగి అడిగిన ప్రశ్నలు మన ప్రభుత్వ పోర్టళ్లు రాసేవాళ్లూ అడగాల్సినవే.

తెగక తప్పనప్పుడు ఎక్కడ తెంపాలన్నది ఇంకా మిగిలి ఉంది. స్టర్‌ఎస్‌కాపీ 31 బైట్ల దగ్గర తెంపినప్పుడు చివర మిగిలింది 224, మూడు బైట్ల గుర్తుకు తల. మొండెం లేదు. తెర మీద అది ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండుగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు సులువు. యూటీఎఫ్-8లో కొనసాగింపు బైట్లన్నీ 128కీ 191కీ మధ్యే ఉంటాయి. తెంపిన చోట వదిలేసిన మొదటి బైట్ ఆ మధ్యదైతే ఒక బైట్ వెనక్కి జరగాలి, తల తగిలేదాకా అలా జరగాలి. మన పేరులో ఒక్క అడుగు జరిగితే 30 దగ్గర ‘సత్తెనపల్ల’ మిగులుతుంది. బైట్లు శుభ్రం, గుడి పోయింది. ‘మాచర్’ కూడా బైట్ల లెక్కన శుభ్రమే. తెలుగు చదివేవాడి కంటికి మాత్రం ర్ల ఒకటే అక్షరం, దాన్ని సగానికి నరకడం కుదరదు. తెంపాల్సి వస్తే ‘మాచ’ దగ్గరే తెంపాలి. ఒత్తులున్న అక్షరాన్ని విడదీయరాని ముక్కగా చూడాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు యూనికోడ్‌లో 2023లో, 15.1 సంచికలో వచ్చింది. ఇది కెర్నెల్ చేయదు, చేయనక్కర్లేదు. దానికి బైట్లే లోకం. పైన నడిచే ప్రోగ్రాములు చేసుకోవాలి.

అందుకని, పేర్లు తీసుకునే కోడ్ రాసే తెలుగు పిల్లలు తమ పరీక్షల జాబితాలో రెండు పేర్లు కలుపుకోవాలని నా కోరిక. 16 బైట్ల గళ్లను అంచుదాకా నింపడానికి ‘పత్తి2’. 32 బైట్ల జాగా కంటే ఒక్క బైట్ ఎక్కువ ఉండటానికి ‘సత్తెనపల్లి’. మొదటిదాన్ని పెట్టి తిరిగి చదివితే అంకెతో సహా అంతే రావాలి, దాని వెనక ఇంకేమీ రాకూడదు. రెండోదాన్ని పెట్టినప్పుడు కోడ్ దాన్ని పూర్తిగానైనా పట్టాలి, పట్టలేదని గట్టిగానైనా చెప్పాలి.